తెలిమంచు సంతలో తొలి బోణీ

రజతావతి రాజ్యానికి ఉత్తరపు పొలిమేరలో పాలవెల్లి నది పారుతుంది. ఏడాది పొడుగునా ఆ నదికి అవతలి ఒడ్డు కనబడదు. పుష్యమాసంలో ఒక్క ఉదయం మాత్రం, తూరుపు తెల్లబారుతూ ఉండగానే, నడిమధ్యన నీళ్ళు రెండుగా చీలి పక్కలకు ఒత్తిగిలుతాయి. అడుగునున్న ఇసుకతిన్నె పైకి తేలుతుంది. దాని మీదికి పాలనురుగులాంటి మంచు దిగుతుంది. ఆ మంచులో సంత కూడుతుంది. మంచు ఉన్నంతసేపే సంత. ఎండపొడ తగిలిందా, నది మళ్ళీ తన చోటికి తాను వచ్చేస్తుంది.

అక్కడ నాణెం చెల్లదు. వరహా చూపిస్తే నవ్వుతారు. కొనేవాళ్ళు తమ దగ్గరున్నది ఏదో ఒకటి ఇచ్చి పట్టుకుపోతారు. ఒకడు తన తాత పాడిన జోలపాట ఇచ్చి కత్తి కొంటాడు. ఒకావిడ తన నీడలోంచి మూరెడు కత్తిరించి ఇచ్చి చీర మడత పెట్టించుకుంటుంది. చిలుకల్ని అమ్మేవాడి దగ్గర చిలుకలుండవు, వాటి పలుకులే పంజరాల్లో గంతులేస్తుంటాయి. నెమలికన్నుల గుడారాలు, పూలవాన కురిసే గొడుగులు, మూత తీస్తే వేసవి మధ్యాహ్నం వాసన వచ్చే భరిణెలు. మంచులో అన్నీ సగం కనబడి సగం కనబడకుండా, కలలో చూసినట్టే ఉంటాయి.

ఆ ఉదయం సంత మొగదల శంఖాల తోరణం కింద ఊపిరి బిగబట్టి నిలబడిన పిల్ల పేరు తరళ. పాలవెల్లి రేవులో పడవ నడిపే సారంగుడి చెల్లెలు. చంకలో వెదురుబుట్ట, బుట్టలో ఏడాదంతా తన చేత్తో చేసిన నగలు. అమ్మడం ఆమెకు ఇదే మొదలు. వెనక, తిన్నె అంచున కట్టేసిన పడవలో, దుప్పటి కింద సారంగుడు నిద్రపోతున్నాడు.

అది మామూలు నిద్ర కాదు. పోయినేడు ఇదే సంతలో సారంగుడు చెల్లెలి కోసమని ఒక వెండి పటకారు బేరమాడాడు. అమ్మే ముసలాయన "ఒక్క మెలకువ ఇవ్వు, చాలు" అన్నాడు. ఒక పొద్దు లేవకపోతే కొంప మునిగేదేముందని సారంగుడు నవ్వుతూ ఇచ్చేశాడు. ఇంటికొచ్చి, పటకారు చెల్లెలి చేతిలో పెట్టి, పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. నోట్లో గంజి పోస్తే మింగుతాడు, పిలిస్తే పలకడు. రోజురోజుకీ కరిగిపోతున్నాడు. ఆ ముసలాయన ధూమకుంతలుడనే మాంత్రికుడని, తలమీద వెంట్రుకలకు బదులు పొగ ఉంటుందని, పూటకో వేషం వేస్తాడని ఊరికి తర్వాత తెలిసింది. పోయిన మెలకువ దొరికితే పోయిన చోటే దొరకాలన్నారు రేవులో పెద్దలు. ఇంకో చలికాలం అతను తట్టుకోలేడని కూడా అన్నారు. తరళ ఏడుస్తూ కూర్చోలేదు. అన్న తెచ్చిన ఆ పటకారుతోనే రాగితీగలు వంచడం మొదలుపెట్టింది. నగలన్నీ ఇచ్చయినా సరే, మెలకువ కొనుక్కుని వెళ్ళాలని వచ్చింది.

"ఏమే పిల్లా, తోరణం కింద దిష్టిబొమ్మలా నిలబడ్డావు! లోపలికి రా, నా పక్కన చోటుంది," అని ఒక ముసలి గొంతు పిలిచింది. కొమ్ము దువ్వెనలు అమ్మే మంకెనవ్వ. ముఖం నిండా ముడతలు, ముడతల నిండా నవ్వు.

తరళ చాప పరిచి సరుకు సర్దింది. కమ్మలు ఒక వరస, ముక్కుపుడకలు ఒక వరస, హారాలు ఒక వరస. అన్నీ చేప పొలుసులతో చేసినవే. పొలుసుల్ని నిమ్మరసంలో నానబెట్టి, బూడిదతో తోమి, మోదుగపూల రంగులో ముంచి, రేకులుగా కత్తిరించి, రాగితీగతో పువ్వులుగా కట్టింది. మంచువెలుగులో అవి తడిసిన పూలలా మెరుస్తున్నాయి. తన ఎడమచేతికి అన్నిట్లోకీ అందమైన కంకణం పెట్టుకుంది. అన్న పడవతాడు పురులు విప్పి, సన్నగా అల్లి, పొలుసుపూలు గుచ్చి, మణికట్టుకు చుట్లు చుట్లుగా చుట్టుకున్న కంకణం. చేతికుంటే నలుగురూ చూస్తారని ఆశ.

మంకెనవ్వ ఆ చేతిని చూసి నాలిక కరుచుకుంది. "అయ్యో తల్లీ, దాన్నెందుకు పెట్టుకొచ్చావే?"

"అందరూ చూడాలని, అవ్వా. అది అమ్మేది కాదులే."

"ఇక్కడ అమ్మేది కానిది లేదు. తోరణం దాటొచ్చిన నగ ఏదైనా సరుకే. ఇంకో సంగతి కూడా విను. నీ బోణీకి ఎవరొచ్చినా, ఏదడిగినా, బదులుగా ఏమిచ్చినా కాదనకూడదు. కాదన్నవాణ్ణి ఈ ఇసుక ఉంచుకోదు, మింగేస్తుంది. అందుకే ఎవరో ఒక మంచి మనిషికి బోణీ చేయించెయ్. తర్వాత నీ ఇష్టం, ఎంత బెట్టు చేసినా అడిగేవాడు లేడు."

"అయితే నువ్వే చెయ్యవ్వా బోణీ!"

"నాకే ఇంకా బోణీ కాలేదు పిల్లా, అది కాకుండా కొనకూడదు. నోరు విప్పు. కేకెయ్యి."

తరళ నోరు విప్పింది. గొంతులోంచి పిల్లికూన కూతలాంటిదేదో వచ్చింది. "నగలు... నగలండీ..."

"ఎవరైనా పోయారా? ఆ ఏడుపేమిటి?" అంది అవ్వ.

జలతారు చీరలు కట్టుకున్న ఇద్దరు వదినామరదళ్ళు వచ్చి హారం ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "పులుసు వాసన వస్తోంది కదూ వదినా?" "మెడలో వేసుకుంటే పిల్లులు వెంటపడతాయేమోనే!" అని పకపకా నవ్వుకున్నారు. "చూసొస్తాం అమ్మాయ్," అని మంచులో కలిసిపోయారు.

"వస్తారా అవ్వా?"

"చూసొస్తామన్నవాళ్ళని నేను నీ వయసులో ఉన్నప్పుడు చూశాను. ఇంకా వస్తూనే ఉన్నారు."

తర్వాత ఒక నడివయసు సిపాయి వచ్చాడు. మంచి ముఖం. కూతురికని ముక్కుపుడక ఎంచుకున్నాడు. "మా ఊళ్ళో తొలకరి వాన చప్పుడు తెచ్చానమ్మా, దీనికి సరిపోతుందా?" అని మొలలోంచి చిన్న దొప్ప తీశాడు. దొప్పలో చిటపటలు వినిపించాయి. అవ్వ సంతోషంతో మోచేత్తో పొడిచింది. తరళకు సంతోషం కన్నా బెరుకు ఎక్కువైంది. "అయ్యగారూ, ఆ పువ్వులో ఒక రేకు కాస్త వంకరండీ. మీకు కనబడలేదేమోనని..." అనేసింది.

సిపాయి పుడకను తిప్పి తిప్పి చూశాడు. "అవునే... పెళ్ళికూతురికి వంకరది ఎందుకులే తల్లీ," అని జాగ్రత్తగా చాపమీద పెట్టి వెళ్ళిపోయాడు.

మంకెనవ్వ నెత్తి కొట్టుకుంది. "నీ సరుకుకి నువ్వే సవతివా? వంకర చూసుకునే కళ్ళు వాడికి లేవా? వాడు చూసుకోడా?"

"తెలిసి చెప్పకపోతే తప్పు కాదా అవ్వా?"

మంచు ఉన్నట్టుండి చిక్కబడింది. చిలుకపలుకులు మూగబోయాయి. ఆ తెల్లదనంలోంచి ఒక పల్లకీ వచ్చి తరళ చాప ముందు దిగింది. బోయీలు ఎవరూ లేరు. పల్లకీలోంచి ఒక రాణిగారిలాంటి ఆవిడ దిగింది. నెలవంకలు కుట్టిన నీలిపట్టు, నుదుటిదాకా మేలిముసుగు. చాపమీద సరుకు వైపు కన్నెత్తి చూడలేదు.

"నీ చేతికున్నది నాకు కావాలి."

"అది... అది మా అన్న తాడండీ అమ్మగారూ. ఇవన్నీ చూడండి, ఇంతకన్నా..."

తరళ కాళ్ళ కింద ఇసుక జారింది. చీలమండలు మునిగాయి. పక్కన మంకెనవ్వ ముఖం పాలిపోయింది. "కాదనకే పిల్లా! కాదనకు!"

మోకాళ్ళదాకా మునిగింది. తను మునిగిపోతే అన్నకు గంజి పోసేదెవరు? "ఇస్తాను!" అంది తరళ. ఇసుక ఆమెను పైకి నెట్టింది.

"తెలివైనదానివి. వెల ఇదిగో, చిటికెడు నిద్ర." ఆవిడ వేళ్ళు కలిపి తరళ కనురెప్పల మీద ఏదో అద్దింది. మెత్తగా, చల్లగా, వెన్నలా ఉంది. సంతలోని దీపాలన్నీ ఒక్కసారి దూరంగా జరిగినట్టయింది. మేలిముసుగు అంచున ఒక వెంట్రుక పాయ జారింది. జారి, కిందికి వేలాడకుండా, మెల్లగా పైకి లేచి గాలిలో కరిగిపోయింది.

పొగ.

"తొడుగు," అని ధూమకుంతలుడు చెయ్యి చాచాడు. గాజులు తొడిగించుకునే ఆడదానిలాగే.

తరళ కళ్ళు మూసుకుపోతున్నాయి. పెదవి కొరుక్కుని కంకణం విప్పడం మొదలుపెట్టింది. సగం చుట్లు విప్పింది. ఆ సగాన్ని వాడి మణికట్టుకు చుట్టింది. వేళ్ళకు ఎముక తగల్లేదు, చలి తగిలింది. అన్న నేర్పిన రేవుముడి వేసింది. ఎంత లాగితే అంత బిగిసే ముడి, వేసినవాళ్ళ వేళ్ళకు తప్ప విడదు. మిగిలిన సగం తన చేతికే ఉంది.

"తొడిగానండీ. బోణీ మీదే. ఇప్పుడు చెప్పు, మా అన్న మెలకువ ఏది?"

మాంత్రికుడు తన చేతిని, తాడును, తరళను చూశాడు. మేలిముసుగు భగ్గుమని పొగైపోయింది.

వాడు పామై జరజర పాకాడు. కంకణం పాము నడుముకు తగినట్టు చిక్కింది. తరళ ఇసుకమీద ఈడ్చుకుపోయింది. జీళ్ళ దుకాణం కూలింది. "ఓసి నీ దుంపతెగా, పాకం పోయిందే!" అని ఎవరో అరిచారు. వాడు అడవిపందయ్యాడు, గుడారాలు చీల్చుకుంటూ దూసుకుపోయాడు. కంకణం ఉబ్బింది. పంజరాలు పగిలి పలుకులన్నీ ఎగిరాయి, "రా రా! పో పో! ఎంతకిస్తావు? ఎంతకిస్తావు?" అంటూ సంతంతా తిరిగాయి. వాడు ఉత్త పొగై అద్దాల కొట్లో దూరాడు. ప్రతి అద్దంలోనూ ఒక పొగ, ప్రతి పొగనూ పట్టుకుని ఒక తరళ. అసలుదాన్ని మాత్రం ముడి వదల్లేదు. అంత హడావుడిలోనూ ఆమెకు హాయిగా, తేలిపోతున్నట్టు ఉంది. రెప్పలమీద నిద్ర పనిచేస్తోంది. ఇసుకలో ఒక గవ్వ అరికాల్లో గుచ్చుకుంటే, అమ్మయ్య అనుకుని దానిమీదే గట్టిగా తొక్కింది.

అప్పుడే తూర్పున బంగారు గీత పడింది. మంచు పలచబడింది. "నీళ్ళొస్తున్నాయ్! నీళ్ళు!" అని కేకలు. సంత మూటలు కట్టుకుని పరుగెత్తింది. రెండువైపులా నది గోడల్లా లేచి నిలబడి, ఒకదాన్నొకటి కౌగిలించుకోవడానికి వంగుతోంది.

తరళ తిన్నె అంచువైపు చూసింది. పడవ కట్టిన గుంజ నీళ్ళలో ఊగి ఊడిపోయింది. నిద్రపోతున్న సారంగుడితో సహా పడవ గిరగిరా తిరుగుతూ నడిసుడి వైపు సాగింది.

"అన్నా!" అని ఒక్క ఉరుకు ఉరకబోయింది. తాడు లాగింది. ముడి బిగిసింది. వదిలితే అన్న దక్కుతాడు, నిద్రలోనే దక్కుతాడు. వదలకపోతే అన్నే మునిగిపోతాడు. ముడిమీదికి వేళ్ళు వెళ్ళాయి.

"ముట్టుకోకు!" మంకెనవ్వ చీర పైకి దోపి, దువ్వెనల బుట్ట విసిరికొట్టి, మొలలోతు నీళ్ళలో పడవ అంచు పట్టుకుని ఎక్కేసింది. తెడ్డు అందుకుంది. "పడవ నేను చూసుకుంటా! నువ్వు మీ అన్న మెలకువ పట్టుకునే రా! ఉత్త చేతులతో వచ్చావో, దువ్వెనలన్నీ నీ నెత్తినే విరగ్గొడతా!"

ఆ మాట వింటూనే తరళ వేళ్ళు ముడిమీంచి తీసేసింది. నది రెండు చేతులూ కలుపుకునే వేళకు ధూమకుంతలుడు పెద్ద కొంగయ్యాడు. రెక్కలు ఒక్కసారి విదిల్చి ఆకాశానికి లేచాడు. తాడుకు వేలాడుతూ తరళ కూడా లేచింది.

కింద పాలవెల్లి వెండిపళ్ళెంలా పరుచుకుంది. దానిమీద గవ్వంత పడవ. సుడి అంచున తెడ్డు వేస్తూ, నిద్రపోతున్న సారంగుణ్ణి అవ్వ చెడామడా తిడుతున్న గొంతు సన్నగా వినిపించి ఆగిపోయింది. మబ్బులు గొర్రెలమందలా పక్కనుంచి నడిచి వెళుతున్నాయి. ఒక మబ్బు తలగడలా బుగ్గకు తగిలింది. ఎంత మెత్తన! ఒక్క క్షణం తల వాల్చితే...

"వాల్చు, వాల్చు," అని కొంగ గొంతు మార్చి లాలించింది. తర్వాత కిలకిలా నవ్వింది. "పిచ్చిపిల్లా, నన్ను కట్టేశాననుకున్నావా? పొగకోటలో నేను గుచ్చుతున్న దండకు ఏ ముడీ నిలవడం లేదు. నిలిచే ముడి రేవులో పడవతాడుకే ఉందని తెలిసి బోణీకి వచ్చాను. తాడు మాత్రమే అడిగాను. నువ్వు ముడినీ, ముడివేసే చేతినీ కూడా తెచ్చి మా ఇంట్లో దింపుతున్నావు."

తరళకు మత్తు కొంత దిగింది. కంకణాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

పొగకోట మబ్బుల మీద మబ్బులా నిలబడి ఉంది. బురుజులు ఊపిరి తీసినట్టు పెరుగుతూ తరుగుతూ ఉన్నాయి. గవాక్షాల్లోంచి వేకువ రంగులు కారి మెట్లమీద ఆరిపోతున్నాయి. లోపల పెద్ద చావడి. చావడి నడుమ కప్పును తాకే నల్లని నున్నని స్తంభం. స్తంభం మెడకు, తరళ ఎన్నడూ చూడని దండ. ప్రతి ముత్యంలోనూ ఒక తెల్లవారుజాము ఉంది. ఒకదాంట్లో కోడి కూస్తోంది. ఒకదాంట్లో ఎవరో తల్లి పొయ్యి రాజేస్తోంది. ఒకదాంట్లో పసివాడు కళ్ళు నులుముకుంటున్నాడు. దారం రెండు కొసలూ కలవక కిందికి వేలాడుతున్నాయి.

కొంగ మనిషైంది. తలమీద పొగ బుసబుసలాడుతోంది. "ముడి వెయ్యి. పడిందా, ఈ మెలకువలన్నీ నావే, ఇక ఎప్పటికీ బయటికి రావు. నీ కళ్ళమీది నిద్ర తీసేసి ఇంటికి పంపిస్తాను."

"వెయ్యకపోతే?"

"నిద్రపోతావు. నిద్రలో మనుషులు నేను చెప్పినట్టే చేస్తారు."

తరళ కొస చేతిలోకి తీసుకుంది. "దారం చూడనివ్వండి. పూస పూసా చూడకుండా ముడి ఎవరు వేస్తారు?" అంది, చాప ముందు బేరానికి కూర్చున్నదానిలాగే. వాడు చిరాగ్గా తలూపాడు. ముత్యాలు ఒకటొకటే వేళ్ళమీదుగా దొర్లించింది. పరాయివాళ్ళ ఉదయాలు, తెలియని ఇళ్ళు, తెలియని వాకిళ్ళు. అంతలో ఒక ముత్యం వెచ్చగా తగిలింది. లోపల ఎవరో ఒళ్ళు విరుచుకున్నారు. ఆవులింత మధ్యలోంచి నిద్రగొంతు పలికింది.

"అమ్మడూ, తెల్లారిందా?"

తరళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్న మెలకువకూ దారం కొసకూ మధ్య ఇంకా ముత్యాలున్నాయి. వాటిని దాటించకుండా అది రాదు. కొసను కిందికి వంచింది. మొదటి ముత్యం జారి నేలకు తాకకుండానే వెలుగై, గవాక్షంలోంచి ఎగిరిపోయింది. ఎక్కడో దూరాన, ఏ ఊళ్ళోనో ఎవరో లేచి కూర్చున్నారు. ఆ ఇంట్లోవాళ్ళ కేక, సంతోషపు కేక, ఇక్కడిదాకా వినిపించింది.

"ఆపు!" అని ధూమకుంతలుడు తాడు గుంజాడు. ఎడమచెయ్యి తెగిపోతుందేమో అన్నంత నొప్పి. రేవుముడి ఇంకా బిగిసింది, వాడి చేతికీ అంతే బిగిసింది. వాడు కెవ్వుమని వంగిపోయాడు. తరళ కుడిచెయ్యి ఆపలేదు. ఇంకో ముత్యం జారింది. ఇంకొకటి.

అప్పుడు స్తంభం కదిలింది.

పైన, కప్పు చీకట్లో, గోధుమరంగు కన్ను ఒకటి మెల్లగా తెరుచుకుంది. స్తంభం స్తంభం కాదు, మెడ. ఆ మెడ చివరనున్న పడగ పొలుసు పొలుసుగా మెరుస్తూ వంగి, వేడి ఊపిరితో తరళ ముఖంలోకి దిగింది. చీలిన నాలుక ఆమెకూ అన్న ముత్యానికీ మధ్య వచ్చి ఆగింది. రెప్పలమీది నిద్ర రాయిలా బరువెక్కింది. చావడి తేలిపోతోంది.

తరళ పాము కంట్లోకి చూసింది. చూస్తూనే దారం కొస ఇంకాస్త వంచింది. మరో ముత్యం జారిపోయింది. ఎక్కడో ఒక పసివాడు నిద్రలేచి, ఆకలేస్తోందని అమ్మను పిలిచాడు.